ఇంటి కరెంటు మీటరు: చోటు ఎవరు నిర్ణయిస్తారు, ఎందుకు నిర్ణయిస్తారు?

మీ ప్రశ్నలో మూడు విషయాలున్నాయి. కొత్తగా కట్టుకుంటున్న ఇంట్లో మీటరును మెట్ల కింద అరలో, చెక్క తలుపు వెనుక, చెక్క బోర్డు మీద పెట్టించాలని మీరు అనుకున్నారు. పంపిణీ సంస్థ వారు దానికి ఒప్పుకోక, బయటి గోడ మీదే ఉండాలన్నారు. ఎత్తు విషయంలో ఎలక్ట్రీషియన్ ఒక మాట, మేస్త్రీ మరొక మాట చెబుతున్నారు. ఇదే అదనుగా పాత పోర్షనులో ఉన్న మీటరును కూడా జరిపించుకోవచ్చా అన్నది మీ మూడో సందేహం. ముందుగా క్లుప్తంగా చెబుతాను. సంస్థ వారు బయటి గోడ అనడం సబబే. ఎత్తును నేల పని పూర్తయ్యాక నిలిచే మట్టం నుంచి కొలుస్తారు తప్ప ఇవాళ మీ మేస్త్రీ నిలబడిన మట్టి నుంచి కాదు. పాత మీటరు జోలికి సంస్థ మనిషి రాకుండా ఎవరూ పోకూడదు. ఎందుకో తెలిస్తే మీ ప్లానులో ఏ చోటు చెల్లుతుందో మీరే పోల్చుకోగలరు కనుక, కాస్త వివరంగా రాస్తున్నాను.

మీటరు మన గోడ మీదే ఉంటుంది, దాని బిల్లు మనమే కడతాం. అయినా చాలా చోట్ల అది మన సొత్తు కాదు. వీధి స్తంభం నుంచో, భూమి లోపలి కేబుల్ నుంచో వచ్చే సర్వీసు వైరుకూ, ఇంటి లోపలి వైరింగుకూ మధ్య ఉన్న హద్దు అది. హద్దుకు అటువైపు బాధ్యత సంస్థది, ఇటువైపు బాధ్యత ఇంటివారిది. ఈ పంపకాన్ని ఒక్కో దేశం ఒక్కో విధంగా రాసుకుంది. భారతదేశంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2006లో తెచ్చిన మీటర్ల నిబంధనల ప్రకారం వినియోగదారు మీటరు సాధారణంగా పంపిణీ సంస్థదే. వినియోగదారే కొనుక్కున్నా దాన్ని పరీక్షించి, బిగించి, సీలు వేయాల్సింది మాత్రం సంస్థే. అమెరికాలో గోడకు బిగించే సాకెట్టు పెట్టె ఎక్కువ చోట్ల ఇంటివారిది, అందులో గుచ్చే మీటరు సంస్థది. అక్కడి జాతీయ విద్యుత్ కోడ్ ఇంటి వైరింగుకు వర్తిస్తుంది కానీ పూర్తిగా సంస్థ అధీనంలో ఉన్న తీగలకూ పరికరాలకూ వర్తించదు. అందుకే ప్రతి సంస్థా తన సర్వీసు నియమాల పుస్తకాన్ని విడిగా ప్రచురిస్తుంది, మీటరు ఎత్తూ దూరాలూ అందులోనే దొరుకుతాయి. బ్రిటన్‌లో వీధి కేబుల్ వచ్చి ఆగే కటౌటూ అందులోని ఫ్యూజూ నెట్‌వర్కు సంస్థవి, మీటరు సరఫరాదారు తరఫున ఏర్పాటయ్యేది, అక్కడి నుంచి బోర్డుకు పోయే తీగలు ఇంటివారివి. పంపకం ఎలా ఉన్నా, చోటు విషయంలో తుది మాట సంస్థదే. మీ ఎలక్ట్రీషియన్ ఎంత అనుభవజ్ఞుడైనా ‘మా ఊళ్లో అందరికీ ఇలాగే పెట్టాను’ అన్నది సంస్థ దగ్గర చెల్లే వాదన కాదు. ఆ సంస్థే నాలుగేళ్ల క్రితం ఒప్పుకున్న పద్ధతిని ఇప్పుడు ఒప్పుకోకపోవడమూ మామూలే.

ఇప్పుడు మెట్ల కింద అర సంగతి చూద్దాం. చాలామంది దీన్ని రీడింగు తీసే మనిషి సౌకర్యానికి సంబంధించిన విషయం అనుకుంటారు. అది చిన్న కారణం. పెద్ద కారణం, మీటరు దాకా వచ్చే సర్వీసు వైరుకు మీ ఇంట్లో ఏ రక్షణా ఉండదు. ఇంటి లోపల ఏ తీగలో షార్టు వచ్చినా మీ బోర్డులోని ఎంసీబీ, అంటే కరెంటు హద్దు మీరితే దానంతటదే ఆపేసే స్విచ్, క్షణంలో పడిపోతుంది. సర్వీసు వైరు మాత్రం ఆ ఎంసీబీకి ముందు ఉంది. దానికి వెనక ఉన్న రక్షణ స్తంభం మీదో, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరో, లేదా కేబుల్ చివర కటౌటులోనో ఉన్న ఫ్యూజు మాత్రమే. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరి ఫ్యూజును వీధి మొత్తం లోడును దృష్టిలో పెట్టుకుని వేస్తారు. మీ ఇంట్లోకి వచ్చిన ఆ కొద్ది మీటర్ల వైరు ఎక్కడో ఒరుసుకుని నిప్పురవ్వలు రాలుతున్నా, ఆ ఫ్యూజుకు అది పెద్ద లోడులా కనిపించకపోవచ్చు. వైరు కాలుతూనే ఉంటుంది. కాబట్టి రక్షణ లేని ఆ వైరు ఇంటి లోపల ఎంత తక్కువ దూరం నడిస్తే అంత మంచిది, అసలు నడవకపోతే ఇంకా మంచిది. నియమాల్లో ‘సర్వీసు ఇంట్లోకి ప్రవేశించే చోటికి వీలైనంత దగ్గరగా’ అనే మాట పదే పదే కనిపించడానికి కారణం ఇదే. మీ ప్లానులో మెట్లు హాలు మధ్యలో ఉన్నాయి. అంటే సర్వీసు వైరు ముందు గది గోడలో దాగి అంత దూరం పోవాలి. గోడలో దాగిన వైరుకు ఎవరైనా మేకు కొడితే ఏమవుతుందో చెప్పనక్కరలేదు. పైగా దాగిన చోట మీటరును తప్పించి కనెక్షను తీసుకునే వీలు కూడా ఉంటుంది కాబట్టి, మీటరు దాకా వచ్చే వైరు ఆసాంతం కంటికి కనిపించాలనీ, మధ్యలో అతుకు ఉండకూడదనీ సంస్థలు పట్టుబడతాయి. సర్వీసు వైరు వచ్చే పైపులోనే మీటరు దాటాక వచ్చే తీగలను కలిపి లాగడాన్ని కూడా ఒప్పుకోరు.

మెట్ల కింద అరకు రెండో అభ్యంతరం ఖాళీ చోటు. ఇవాళ ఖాళీగా ఉన్న అర ఏడాది తిరిగేసరికి పాత పేపర్లతో, పెయింటు డబ్బాలతో నిండుతుంది. అమెరికా కోడ్ ఇళ్లలోని మామూలు వోల్టేజీల పరికరాల ముందు కనీసం 3 అడుగుల లోతు, 30 అంగుళాల వెడల్పు, ఆరున్నర అడుగుల ఎత్తు గల చోటును ఎప్పుడూ ఖాళీగా ఉంచమంటుంది. మీటరు నియమాల పుస్తకాల్లో కూడా ముందువైపు 3 అడుగుల ఖాళీ చాలా తరచుగా కనిపించే అంకె. ఈ కొలత కాగితం మీద పెద్దదిగా అనిపిస్తుంది. కానీ కరెంటు ఉన్న టెర్మినళ్ల (వైర్లను స్క్రూలతో బిగించే చోట్ల) మీద పని చేసే మనిషి చేతిలోని పనిముట్టు జారితే, వెనక్కి ఒక అడుగు వేయడానికి చోటుండాలి. మెట్ల వాలు కింద వంగి నిలబడిన మనిషికి ఆ వీలు ఉండదు. మెట్లు మంటల వేళ బయటపడే దారి కూడా. దాని కిందే కరెంటు ప్రవేశస్థానం ఉండటం ఎవరికీ మంచిది కాదు. స్నానాల గదుల్లోనూ, తడి తగిలే ఇతర చోట్లా పెట్టకూడదన్నది వేరే చెప్పాల్సిన పని లేదు.

ఎత్తు విషయానికి వస్తే, దేశాలను బట్టి, సంస్థలను బట్టి అంకెలు మారుతాయి. మీకు వర్తించేది మీ సంస్థ రాతపూర్వకంగా ఇచ్చిన అంకె మాత్రమే. అయినా నిలబడిన మనిషి కంటి మట్టానికి అటూ ఇటూ, అంటే సుమారు 4 నుంచి 6 అడుగుల మధ్య, ఎక్కువ నియమాలు కుదురుకుంటాయి. ఉదాహరణకు కాలిఫోర్నియాలోని పసిఫిక్ గ్యాస్ అండ్ ఎలక్ట్రిక్ సంస్థ బయటి గోడ మీద మీటరుకు 48 అంగుళాల కనిష్ఠ ఎత్తునూ 75 అంగుళాల గరిష్ఠ ఎత్తునూ పెట్టింది. కింది హద్దు పిల్లల చేతులకూ, వాన చిందులకూ, వాహనాల దెబ్బలకూ సంబంధించినది. పై హద్దు నిచ్చెన అవసరం లేకుండా చదవడానికీ, రెండు చేతులతో పని చేయడానికీ సంబంధించినది.

అయితే గొడవలు వచ్చేది అంకె దగ్గర కాదు, ఎక్కడి నుంచి ఎక్కడికి కొలిచారన్న దగ్గర. అమెరికా పద్ధతిలో మీటరు గుండ్రటి ముఖం మధ్య బిందువు దాకా కొలుస్తారు. కొన్ని చోట్ల డిస్‌ప్లే దాకా, మరికొన్ని చోట్ల పెట్టె అడుగు దాకా కొలుస్తారు. పెట్టె రెండడుగుల పొడవుంటే ఈ తేడా ఒక్కటే మిమ్మల్ని హద్దు దాటించగలదు. కింది కొస ఇంకా ముఖ్యం. కట్టుబడి సమయంలో ఇంటి చుట్టూ నేల పల్లంగా ఉంటుంది, తరవాత మొరం పోసి, ఎత్తు పెంచి, బండలు పరుస్తారు. మీ మేస్త్రీ ఇవాళ ఐదడుగులకు గుర్తు పెట్టిన చోటు, గృహప్రవేశం నాటికి మూడున్నర అడుగులకు దిగిపోతుంది. మీ ఎలక్ట్రీషియన్, మేస్త్రీ చెరొక మాట చెప్పడానికి కారణం బహుశా ఇదే: ఒకరు ప్లింతు మట్టం నుంచి, మరొకరు మట్టి నుంచి లెక్క వేస్తున్నారు. గోడ మీద తుది నేల మట్టం గీతను ముందు గీయించి, దాని మీద నుంచి టేపు పట్టించండి. వరద నీరు చేరే చోట అయితే ముంపు మట్టానికి పైన పెట్టమంటారు. అప్పుడు ఎత్తు పరిమితి మించకుండా మీటరు ముందు మెట్లతో కూడిన శాశ్వతమైన అరుగు కట్టాల్సి రావచ్చు, తీసి పెట్టే స్టూలు దానికి బదులు కాదు.

బయటి గోడ అనగానే అందరికీ వాన గుర్తొస్తుంది, కానీ వాన నేరుగా మీద పడి పాడయ్యే మీటర్లు తక్కువ. నీరు పైపు లోపలి నుంచి వస్తుంది. పాత పెట్టె ఒకటి తెరిచి చూస్తే ఈ కథ అంతా అందులోనే కనిపిస్తుంది: పైనుంచి దిగిన పైపు మూతి దగ్గర గోధుమ రంగు చార మొదలై, సర్వీసు వైరు వెంబడే జారి, సరిగ్గా టెర్మినల్ స్క్రూ మీద ఆగుతుంది. స్క్రూ తల చుట్టూ ఆకుపచ్చ చిలుము, దాని కింద తుప్పు గుంట. పైన ఉన్న సర్వీసు పైపు చివర వంపు లేకపోవడమో, వైరు పైపులోకి దూరే ముందు కిందికి వేలాడే వంపు వదలకపోవడమో దీనికి కారణం. ఆ వంపు ఉంటే చుక్కలు దాని అట్టడుగున జారి పడిపోతాయి, లేకపోతే వైరే వాటికి దారి చూపుతుంది. భూగర్భ కేబుల్ వచ్చే ఇళ్లలో మరో రకం సమస్య ఉంది. నేలలోని తేమ గాలి పైపు గుండా పైకి వచ్చి, చల్లని పెట్టె గోడకు తగిలి నీరవుతుంది. అందుకని పైపు మూతిని అందుకోసమే అమ్మే మెత్తని ముద్దతో మూయాలి, పెట్టె అడుగున నీరు కారిపోయే చిన్న రంధ్రం ఉండాలి, వీలైన చోటల్లా తీగలు పెట్టె కింది నుంచో పక్క నుంచో గ్లాండు (తీగ చుట్టూ బిగుసుకుని సందు మూసే బిగింపు) ద్వారా లోపలికి రావాలి. పెట్టె పై ముఖానికి కన్నం వేసి, చుట్టూ సిలికాన్ పూసి సరిపెట్టే పనిని ఒప్పుకోకండి. సిలికాన్ ఎండకు విడిపోతుంది, కన్నం మాత్రం అలాగే ఉంటుంది.

అంతర్జాతీయ ప్రమాణం ఐఈసీ 62052-11 మీటర్లను లోపల వాడేవి, బయట వాడేవి అని విడదీసి, మొదటి వాటికి ఐపీ 51, రెండో వాటికి ఐపీ 54 రక్షణ ఉండాలంటుంది. దుమ్మునూ నీటినీ ఎంతవరకు ఆపగలదో చెప్పేదే ఈ ఐపీ అంకె. రెండింటికీ దుమ్ము రక్షణ ఒకటే. నిట్టనిలువుగా పడే చుక్కలను మాత్రమే ఓర్చేది మొదటిది, అన్ని వైపుల నుంచి చిందే నీటిని ఓర్చేది రెండోది. లోపలి రకం మీటరును బయట పెట్టాలంటే దానికి తగిన పెట్టె తప్పనిసరి. ఎండ సంగతి కూడా మరవకండి. పడమటి ఎండ నేరుగా పడే గోడ మీద ఎల్‌సీడీ డిస్‌ప్లే నల్లబడుతుంది, ప్లాస్టిక్ కిటికీ పసుపెక్కి అంకెలు కనబడకుండా పోతాయి. ఉత్తరపు గోడో, సన్‌షేడ్ ఉన్న గోడో దొరికితే దాన్నే ఎంచుకోండి.

మీటరును రసమట్టం పెట్టి నిట్టనిలువుగా బిగించాలన్న నియమం మీకు చాదస్తంగా కనిపించవచ్చు. తిరిగే చక్రం ఉన్న పాత మీటర్లలో ఆ చక్రం సన్నని ఇరుసు మీద నిలిచి తిరిగేది కాబట్టి, వాలితే లెక్క మారేది. ఆ మీటర్ల ప్రమాణంలో 3 డిగ్రీల వాలు వల్ల వచ్చే తేడాకు ప్రత్యేకంగా పరీక్ష ఉండేది. ఇప్పటి స్టాటిక్ (ఎలక్ట్రానిక్) మీటర్లలో తిరిగేదేమీ లేదు. నియమం మాత్రం చాలా పుస్తకాల్లో మిగిలింది, మిగలడం వల్ల నష్టం కూడా లేదు.

వేడి విషయంలో మాత్రం కాస్త ఆగాలి. మీటర్లు కాలిపోయిన చోట ఎక్కువసార్లు తప్పు మీటరుది కాదు, వదులుగా ఉన్న టెర్మినల్‌ది. వైరూ స్క్రూ కలిసే కూడలిని సరిగ్గా బిగిస్తే అక్కడ నిరోధం ఒక మిల్లీఓమ్ కంటే బాగా తక్కువ ఉంటుంది. అది వదులై 10 మిల్లీఓమ్‌లకు చేరిందనుకోండి. 30 ఆంపియర్ల కరెంటు పోతుంటే ఆ ఒక్క స్క్రూ దగ్గర 9 వాట్ల వేడి పుడుతుంది, 60 ఆంపియర్లు పోతుంటే 36 వాట్లు. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగు రెట్లవుతుంది. వేలి గోరంత లోహం మీద గంటల తరబడి అంత వేడి నిలిస్తే ఇన్సులేషను మెత్తబడుతుంది, రాగి నల్లబడుతుంది, నిరోధం ఇంకా పెరుగుతుంది. సర్వీసు వైరు అల్యూమినియం అయితే ముప్పు ఎక్కువ. అల్యూమినియం గాలి తగలగానే కరెంటును అడ్డుకునే పొర కట్టుకుంటుంది, స్క్రూ ఒత్తిడికి నెమ్మదిగా అణిగి వదులవుతుంది. రాగితో నేరుగా కలిపిన చోట తేమ తగిలితే తినేసుకుపోతుంది. వైరు కొసను బ్రష్‌తో శుభ్రం చేసి, ఆ పొర మళ్లీ కట్టకుండా ఆపే లేపనం పూసి, తగిన లగ్గు (వైరు కొసకు తొడిగే లోహపు ముక్క) వేసి, తయారీదారు చెప్పిన టార్కుకు, అంటే చెప్పినంత మెలి బలానికి, బిగించాలి. బలం కొద్దీ బిగించడం కొలత కాదు. మీరు చెక్క బోర్డు గురించి అడిగారు కాబట్టి చెబుతున్నాను: ఇలాంటి కూడలి వెనుక చెక్క ఉండటం మండే వస్తువును చేతికి అందించినట్టే. బ్రిటన్‌లో 2016 జనవరి నుంచి ఇళ్లలో కొత్తగా పెట్టే పంపిణీ బోర్డు పెట్టె మండని పదార్థంతో చేసినదై ఉండాలని వైరింగు ప్రమాణం కోరుతోంది. మీటరు దగ్గర కూడా అదే జాగ్రత్త సమంజసం.

స్మార్టు మీటర్లు వచ్చాక పెట్టె విషయంలో ఒక కొత్త చిక్కు చేరింది. వాటి సమాచారం రేడియో తరంగాల మీద పోతుంది. నాలుగు వైపులా ఇనుప రేకు ఉన్న పెట్టెలో, సెల్లారు లోపలి మూలలో సిగ్నలు అందదు. భారతదేశంలో ఆ 2006 మీటర్ల నిబంధనలకు 2019లో తెచ్చిన సవరణ కొత్త వినియోగదారు మీటర్లు ముందస్తు చెల్లింపు వీలున్న స్మార్టు మీటర్లుగా ఉండాలని చెప్పింది కనుక, ఇప్పుడు కట్టే ఇంటికి ఇది తప్పించుకోలేని విషయం. పెట్టె కొనేముందు దాని తలుపు ఏ పదార్థమో, తమ మీటరుకు అది సరిపోతుందో సంస్థను అడగండి. గ్యాసు మీటరు పక్కనే ఉంటే దూరం పాటించాలి: అమెరికా సంస్థలు సాధారణంగా 3 అడుగులు అడుగుతాయి, బ్రిటన్‌లో 150 మిల్లీమీటర్లు. కిటికీ రెక్కలూ గేటు తలుపులూ తెరుచుకున్నప్పుడు మీటరు ముందుకు రాకూడదు. మీటరు చుట్టూ తీగ పాకించడం, పెట్టె మీద గోడ రంగు పూయడం వంటి అలంకారాలు కూడా వద్దు, ఆ రంగు పూతలో సీరియల్ నంబరు మాయమైన మీటర్లు ఊరికి నాలుగైనా ఉంటాయి.

మీకు రెండు పోర్షన్లు, రెండు మీటర్లు ఉంటాయి కాబట్టి ఇంకొకటి చెప్పాలి. రెండు మీటర్ల తరవాత న్యూట్రల్ తీగలను ఎక్కడా కలపనివ్వకండి. 2006 నిబంధనలు ఒంటి ఫేజు మీటర్ల విషయంలో ఇద్దరు వినియోగదారుల ఫేజుగానీ న్యూట్రల్‌గానీ ఉమ్మడిగా ఉండకుండా చూసుకోవాల్సింది వినియోగదారే అంటాయి. దీని వెనక ఒక లెక్క ఉంది. భారతదేశంలో వాడే ఒంటి ఫేజు స్టాటిక్ మీటర్లలో చాలావరకు ఫేజులో పోయే కరెంటునూ న్యూట్రల్‌లో తిరిగొచ్చే కరెంటునూ విడివిడిగా కొలిచి, ఏది ఎక్కువైతే దాన్ని లెక్కలోకి తీసుకుంటాయి. కరెంటును ఎర్తుకు మళ్లించి బిల్లు తగ్గించుకునే వారిని పట్టుకోవడానికి పెట్టిన ఏర్పాటది. న్యూట్రళ్లు కలిసిపోతే పక్క పోర్షను వారి కరెంటు కొంత మీ న్యూట్రల్ గుండా తిరిగి వెళుతుంది, మీ మీటరు దాన్ని మీ వాడకంగా రాసుకుంటుంది. అద్దెకున్నవారు ‘మీటరు తిరిగిపోతోంది’ అని ఫిర్యాదు చేసే సందర్భాల్లో ముందుగా చూడాల్సింది ఇది. రెండు మీటర్లకూ ఏది ఏ పోర్షనుదో చెరిగిపోని అక్షరాలతో రాయించండి.

మెయిన్ స్విచ్ మీటరుకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిదన్నది ఇప్పటికే మీకు అర్థమై ఉంటుంది, ఎందుకంటే ఆ మధ్య వైరుకు కూడా దాదాపు రక్షణ ఉండదు. అమెరికా కోడ్ 2020 సంచికలో ఒకటి రెండు కుటుంబాల ఇళ్లకు, అత్యవసరంలో కరెంటు ఆపే స్విచ్ ఇంటి బయటే, సులువుగా అందే చోట ఉండాలని చేర్చారు. మంటలార్పడానికి వచ్చినవారు లోపలికి పోకుండానే కరెంటు ఆపగలగాలన్నది ఉద్దేశం. మీ దగ్గర ఆ నియమం లేకపోయినా ఈ పద్ధతిని పాటించమనే నా సలహా. స్మార్టు మీటరు లోపల కరెంటును ఆపే రిలే ఉంటుంది నిజమే, కానీ అది సంస్థ చేతిలోనిది, మీ మెయిన్ స్విచ్‌కు అది బదులు కాదు.

ఇక పాత మీటరు. దాన్ని జరపడం సాంకేతికంగా అరగంట పనే కావచ్చు, మీ ఎలక్ట్రీషియన్ అదే అంటున్నారని రాశారు. కానీ సీలు తెగిన క్షణం నుంచీ అది సాంకేతిక విషయం కాదు. భారతదేశపు విద్యుత్ చట్టం, 2003లో 138వ సెక్షన్ అనుమతి లేకుండా మీటరును కలపడం, తొలగించడం వంటి పనులకు మూడేళ్ల వరకు జైలు శిక్ష గానీ, పది వేల రూపాయల వరకు జరిమానా గానీ, రెండూ గానీ విధించవచ్చంటుంది. ఉద్దేశం మంచిదే అని తరవాత నిరూపించుకోవడం మీ పని అవుతుంది. మీటరు దాకా వచ్చే వైరులో కరెంటు ఆపడానికి మీ ఇంట్లో స్విచ్ లేదని కూడా గుర్తుంచుకోండి, స్తంభం మీద ఆపితే తప్ప అందులో ఎప్పుడూ కరెంటు ఉంటుంది. మీటరు మార్పిడికి సంస్థలో విడిగా దరఖాస్తు ఉంటుంది. కొత్త చోట పెట్టె, పైపు, ఎర్తింగు, మెయిన్ స్విచ్ మీరు సిద్ధం చేసి ఉంచితే, వారు వచ్చి ఆపి, జరిపి, రీడింగు రాసుకుని, కొత్త సీలు వేసి వెళతారు. ఆ రీడింగూ సీలు నంబరూ ఉన్న కాగితం ఒక ప్రతి మీ దగ్గర ఉంచుకోండి. పాత సీలు ఇప్పటికే తెగి ఉందని గమనిస్తే మార్పిడి రోజు దాకా ఆగకుండా ముందే రాతపూర్వకంగా తెలియజేయండి.

గోడలకు ప్లాస్టరింగు ఇంకా కాలేదని రాశారు కాబట్టి మీకు సమయం ఉంది. ఒక తెల్ల కాగితం మీద ముందు గోడ బొమ్మ గీసి, స్తంభం ఎటువైపో, సర్వీసు వైరు ఏ మూలకు చేరుతుందో, తుది నేల మట్టం ఎక్కడో, మీటరు పెట్టె అడుగూ డిస్‌ప్లే ఎంత ఎత్తులో వస్తాయో, పక్కన కిటికీ, గేటు, గ్యాసు పైపు ఎంత దూరమో రాసి, దాన్ని సంస్థ వారి సెక్షను ఆఫీసులో చూపించి సంతకమో ఈమెయిలు జవాబో తీసుకోండి. ముందు ముందు సౌర ఫలకాలు గానీ, కారు చార్జరు గానీ పెట్టే ఆలోచన ఉంటే అదే గోడ మీద మరో పెట్టెకు చోటు వదిలి, రెండో పైపును ఇప్పుడే వేయించండి.